రిపోర్టు చేతికిచ్చాక ఏం చెప్పాలి? హెపటైటిస్ బీ, సీ పరీక్షల గురించి అడుగుతున్నాను

పాకాల సిస్టర్:

అందరికీ నమస్కారం. నేను పాకాల దగ్గర ఒక పల్లెలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే క్లినిక్ చూసుకునే నర్సుగా, పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ చేశాను, ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. నాతో పాటు ఒక ఏఎన్ఎం, నలుగురు ఆశా అక్కలు ఉన్నారు.

వచ్చే నెల నుంచి మా దగ్గరే లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బీ, సీ వైరస్‌లకి కార్డు పరీక్షలు చేయాలని మీటింగ్‌లో చెప్పారు. గర్భిణులకే కాదు, మిగతా పెద్దవాళ్ళకి కూడా. మంచి పని, ఎప్పుడో రావాల్సింది. ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు. వేలికి ఎట్లా గుచ్చాలి, రక్తం బొట్టు ఎక్కడ వేయాలి, రిజిస్టర్‌లో ఏ గడి నింపాలి, అక్కడికి అయిపోయింది. గుచ్చడం నాకు వచ్చు. గీత చూడటమూ వచ్చు. రెండో గీత పడ్డప్పుడు, అంటే పాజిటివ్ వచ్చినప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం తెలియదు. అది ఎవరూ చెప్పలేదు. ఇంత టెన్షన్ ఎందుకంటే మా చెల్లెలి సంగతి చెప్పాలి.

దాన్ని పలమనేరు వైపు ఇచ్చాం. పోయినేడు మొదటి కాన్పు. ఎనిమిదో నెలలో అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో రక్తపరీక్షలు చేస్తే హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ ఉందో లేదో చెప్పే పరీక్ష) పాజిటివ్ అని వచ్చింది. కేసు షీటు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దగా గుండ్రం చుట్టారు. బెంచీల మీద జనం కూర్చుని ఉండగానే కౌంటర్‌లో అమ్మాయి, "మీ రక్తంలో జబ్బుంది, ఇక్కడ కాన్పు చెయ్యరు, తిరుపతికి పొండి" అనిందంట. ఏం జబ్బో చెప్పలేదు. మా మరిది ఆ షీటును మడిచి చొక్కా లోపల పెట్టుకుని బయటికి వచ్చేశాడంట.

ఆ రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నాకేమన్నా అవుతుందా? బిడ్డకి?" అని అడిగింది. నేను నర్సును. నాలుగేళ్ళు చదివినదాన్ని. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "భయపడబాకు, కానీ ఎందుకైనా మంచిది, నీ పళ్ళెం, గ్లాసు వేరుగా పెట్టుకో."

మూడు రోజుల తర్వాత సెలవు పెట్టి వాళ్ళింటికి పోయాను. పెళ్ళికి మా అమ్మ పెట్టిన స్టీలు సామాను మీద దాని పేరు కొట్టించి ఉంది. ఆ పేరున్న పళ్ళెం, చెంబు, గ్లాసు మూడూ పెరట్లో బట్టలుతికే బండ మీద బోర్లించి ఉన్నాయి. మిగతా సామానంతా వంటింట్లో ఉంది. భోజనాల దగ్గర వాళ్ళత్త సంగటి ముద్దను పళ్ళేనికి తగలకుండా జానెడు ఎత్తు నుంచి వదిలింది. ఆ ముద్ద పళ్ళెంలో పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నేను అడిగితే, "నువ్వే చెప్పినావంట కదమ్మా, నువ్వు నర్సువి, నీకు తెలియకుండా చెప్తావా" అనింది.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికి, పాత పుస్తకాలు తీసి చదివాను. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. ముట్టుకుంటే, దగ్గితే, పక్కన పడుకుంటే రాదు. రక్తం వల్ల, శారీరక సంబంధం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఇది నా సెకండియర్ పుస్తకంలోనే ఉంది, నేనే పెన్సిల్‌తో కింద గీత కూడా గీసుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. సొంత చెల్లెలు అడిగినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

పొద్దున్నే ఆ పళ్ళెం కడిగి దాంట్లోనే నేను తిన్నాను. వాళ్ళత్త చూస్తా నిలబడింది. రెండు రోజులకు సామాను లోపలికి వచ్చింది. కాన్పు తిరుపతిలో పెద్దాసుపత్రిలో అయింది, మగబిడ్డ. పుట్టిన కొన్ని గంటల్లోనే టీకా, దాంతోపాటు ఇంకో ఇంజెక్షన్ కూడా వేశారు. ఇప్పుడు వాడికి పది నెలలు.

నా ప్రశ్నలు ఇవి. పాజిటివ్ వచ్చిన మనిషికి మొదటి ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? మా ఆశా అక్కలకి ఒక గంటలో ఏం నేర్పితే సరిపోతుంది? అందరికీ కిట్లు చాలకపోతే ముందు ఎవరికి చేయాలి? మా పిల్లోడికి ఇప్పుడేమన్నా పరీక్ష చేయించాలా? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.


రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ల్యాబుల్లో చేశాను. మాట్లాడే సంగతి డాక్టర్లు చెప్తారు. గీత చూడటం వచ్చు అన్నారు కదా, అక్కడే రెండు మాటలు చెప్పాలి. కార్డు తప్పు చెప్తే మీరు ఎంత బాగా మాట్లాడినా ఉపయోగం లేదు.

ముందు వేడి. చాలా కిట్ల డబ్బా మీద 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట గది తలుపులు మూసి పోతే లోపల ఎంతుంటుందో మీకు తెలుసు. బీరువా మీద, కిటికీ పక్కన పెట్టొద్దు. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసి గది వేడికి వచ్చాకే కవరు చించండి. చించిన కార్డును వెంటనే వాడాలి. పొద్దున ఓపీ రద్దీగా ఉంటుందని ఇరవై కవర్లు ముందే చించి వరుసగా పేర్చి పెట్టేవాళ్ళను చూశాను. అట్లా చేస్తే కార్డు తేమ లాగేస్తుంది.

తర్వాత టైమ్. కిట్ మీద పదిహేను నిమిషాలు అని ఉంటే పదిహేనుకే చూడాలి. ముందు చూస్తే లేత గీత ఇంకా తేలదు. గంట తర్వాత చూస్తే లేని గీత కనబడుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత పడకపోతే ఆ కార్డు చెల్లదు, ఇంకోటి వేయాలి.

ఇక లేత గీత. ఇది నా మనసులో ఉండిపోయిన విషయం. చాలా ఏళ్ళ కిందట ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. టెస్టు గీత ఉందా లేదా అన్నట్టు ఉంది. ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి చూశాను. బయట క్యూ ఉంది. నెగటివ్ అని రాసేశాను. మూడేళ్ళకు అదే మనిషి పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచి వార్డులో కనిపించాడు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. గీత లేతగా ఉన్నా గీతే తల్లీ. పాజిటివ్ కిందే లెక్క. అనుమానంగా ఉంటే రక్తం తీసి పెద్ద ల్యాబ్‌కి ఎలైసా అనే పరీక్షకి పంపండి, మీ చేత్తో నెగటివ్ అని మాత్రం రాయొద్దు.

నేను చేరిన కొత్తలో పాత డాక్టర్లు హెపటైటిస్ బీ పరీక్షను "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని రాసేవాళ్ళు. మొదట ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి రక్తంలో దొరికింది కాబట్టి ఆ పేరు. కనిపెట్టిన బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. ఇంకో ముచ్చట కూడా మీ ఊళ్ళో పనికొస్తుంది. కామెర్లంటే మనవాళ్ళు నేలఉసిరి పసరు దగ్గరికి పోతారు కదా. ఆ నేలఉసిరి ఈ వైరస్‌ను పోగొడుతుందేమోనని మద్రాసులో పరిశోధన చేశారు. 1988లో వచ్చిన ఆ వ్యాసంలో బ్లంబర్గ్ పేరు కూడా ఉంది. తర్వాత వేరేవాళ్ళు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పసరు మందు గురించి అడిగినవాళ్ళని కసురుకోవద్దు. "పెద్ద పెద్దవాళ్ళే దాన్ని పరీక్షించి చూశారు, పని చేయలేదు" అని చెప్పండి. అట్లా చెప్తే వింటారు.

రిపోర్టు మడిచి కవర్లో పెట్టి ఇవ్వండి. ఎర్ర పెన్ను వద్దు.


కొర్లగుంట నుంచి ఒక సెలూన్ అన్న:

అక్కా, నేను డాక్టర్ని కాదు. తిరుపతిలో చిన్న సెలూన్ నడుపుతాను. నాకు హెపటైటిస్ బీ ఉంది. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నాను.

2014లో మా వీధిలో రక్తదాన శిబిరం పెడితే స్నేహితులతో పాటు నేనూ ఇచ్చాను. వారం తర్వాత బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్. ఒకసారి రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. పోతే ఒకాయన నన్ను చిన్న గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ తన ఎదురుగా కాకుండా పక్కకి జరిపి కూర్చోమన్నాడు. చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తున్నాయి. "మీ రక్తంలో లివర్‌కి సంబంధించిన ఒక వైరస్ కనబడింది. దీంతో చాలామంది మామూలుగా బతుకుతారు, కాకపోతే చూపించుకుంటా ఉండాలి. మీ ఇంటావిడకి, పిల్లలకి పరీక్ష చేయిద్దాం, లేనివాళ్ళకి టీకా ఉంది." అంతే. తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. నేను ఏడిస్తే ఏడవనిచ్చాడు. నీళ్ళిచ్చాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "నా పని?" కత్తెర పట్టుకోవచ్చా అని. ఆయన నవ్వలేదు. పని మానేయాల్సిన అవసరం లేదు, నీ చెయ్యి తెగితే కట్టు కట్టుకో, ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడొద్దు, అది నీ జబ్బుతో సంబంధం లేకుండా ఎవరికైనా చేయాల్సిందే అన్నాడు.

మా ఆవిడకి నెగటివ్ వచ్చింది, మూడు డోసులు వేయించాం. ఇద్దరు ఆడపిల్లలకీ ఏమీ లేదు. నేను ఆరు నెలలకోసారి రక్తం, స్కాన్ చూపించుకుంటున్నాను. నాలుగేళ్ళ నుంచి రోజుకొక మాత్ర వేసుకుంటున్నా, తెనోఫోవిర్.

మధ్యలో ఒక పంటి డాక్టర్ దగ్గరికి పోయి, దాచకూడదని ముందే చెప్పాను. కుర్చీలోంచి లేపి పంపించేశారు. సెలైన్ పెట్టే ఒక క్లినిక్‌లో నర్సమ్మ నా మంచం మీద దుప్పటి తీసుకుపోయి వేరే బకెట్‌లో వేసింది. అప్పటి నుంచి చాలాచోట్ల చెప్పడం మానేశాను. చెప్పినందుకు శిక్ష పడుతుంటే ఎవరు చెప్తారక్కా? ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఇది కూడా పెట్టండి. అందరి దగ్గరా గ్లవ్స్ వేసుకుంటే ఇక ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని భయపడే పనే లేదు కదా.

ఇంకోటి. మాలాంటివాళ్ళను కూడా పిలవండి. మీ ఊళ్ళో గడ్డం గీసే అన్న, జాతరలో పచ్చబొట్టు వేసేవాళ్ళు, చెవులు కుట్టేవాళ్ళు. ఎండిన రక్తంలో కూడా ఈ వైరస్ వారం దాకా బతికుంటుందంట. మాకు ఎవరూ పిలిచి చెప్పలేదు. చెప్తే వింటాం, మాకూ పిల్లలున్నారు.


మెడిసిన్ డాక్టర్, తిరుపతి:

సిస్టర్, పై ఇద్దరూ చెప్పినదాంట్లో సగం ట్రైనింగ్ అయిపోయింది. ముఖ్యంగా ఆ బ్లడ్ బ్యాంక్ ఆయన మాటలు రాసి మీ గోడకి అంటించుకోండి. మీరు అడిగిన మొదటి ఐదు నిమిషాలకి నేను అంతకన్నా బాగా చెప్పలేను.

దానికి ఒక్కటి కలపాలి. బీ, సీ రెండూ ఒకటి కాదని మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. జనం రెండింటినీ కలిపేసుకుంటారు, మా దగ్గర కొందరు డాక్టర్లు కూడా. బీకి టీకా ఉంది. మందుతో అదుపులో ఉంటుంది కానీ పూర్తిగా పోవడం అరుదు. అందరికీ మందు కూడా అవసరం పడదు. సీకి టీకా లేదు కానీ నయమవుతుంది. సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ మాత్రలు పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి తొంభై అయిదు మందికి వైరస్ పూర్తిగా పోతుంది. పదిహేనేళ్ళ కిందట ఏడాది పాటు ఇంజెక్షన్లు చేసి, జుట్టు ఊడి, జ్వరాలు వచ్చి, చివరికి సగం మందికే తగ్గేది. ఆ రోజులు చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇప్పుడు సీ పాజిటివ్ వచ్చిన మనిషికి మీరు ధైర్యంగా శుభవార్త కూడా చెప్పవచ్చు. కానీ తొందరపడొద్దు. సీ కార్డు చూసేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీని. వైరస్ వచ్చి దానంతటదే పోయినవాళ్ళకి కూడా గీత పడుతుంది. వైరస్‌నే నేరుగా చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేశాకే జబ్బు ఉందో లేదో చెప్పాలి. గీత పడగానే "మీకు హెపటైటిస్ సీ ఉంది" అనడం తప్పు.

ఖర్చు సంగతి తప్పకుండా చెప్పండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మీ జిల్లాకి ఏ ఆసుపత్రి చికిత్స కేంద్రమో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో కనుక్కుని, గది నంబరు, ఓపీ రోజులతో సహా చీటీ మీద రాసివ్వండి. "తిరుపతికి పొండి" అంటే ఎవరూ రారు. "మంగళవారం పొద్దున ఫలానా గదికి పొండి, ఈ చీటీ చూపించండి" అంటే వస్తారు.

ముందు ఎవరికి? గర్భిణులకి మొదటి మూడు నెలల్లోనే. మీ చెల్లెలికి ఎనిమిదో నెలలో చేశారు, అది ఆలస్యం. ముందే తెలిసి ఉంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసి, మిల్లీలీటరుకి రెండు లక్షల యూనిట్లు దాటితే ఏడో నెల నుంచే తెనోఫోవిర్ ఇచ్చేవాళ్ళం. అయినా బిడ్డకి పుట్టిన గంటల్లోనే టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ (మీరు చెప్పిన ఆ ఇంకో ఇంజెక్షన్, తయారుగా ఉన్న యాంటీబాడీలు) రెండూ పడ్డాయి కాబట్టి కాపాడే అవకాశం చాలా ఎక్కువ. వాడికి 9 నుంచి 12 నెలల మధ్య హెచ్‌బీఎస్‌ఏజీ, టీకా పని చేసిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ రెండూ చేయించాలి. అంటే ఇప్పుడే. చెల్లెలు పాలివ్వడం మానిందేమో అడగండి. మానాల్సిన అవసరం లేదు. కాన్పు తర్వాత ఆమె ఓపీకి రావడం మానేసి ఉంటే మాత్రం వెంటనే తీసుకురండి. బిడ్డ బాగున్నాడని తల్లిని మర్చిపోతుంటారు.

గర్భిణుల తర్వాత డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, ఇరవై పాతికేళ్ళ కిందట రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, మత్తు సూదులు వాడేవాళ్ళు, ఊళ్ళో ప్రతి జ్వరానికీ సూది వేయించుకునే అలవాటున్నవాళ్ళు. ఆఖరుది తేలిగ్గా తీసుకోకండి. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బీ పాకి ఎంతోమంది చనిపోయారు. వీళ్ళందరి తర్వాత, పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషి ఇంట్లోవాళ్ళకి చేయండి.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి. పెద్దయ్యాక హెపటైటిస్ బీ సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. మన దేశంలో పిల్లలందరికీ వేసే టీకాల్లో బీ టీకాను 2002లో కొన్ని నగరాలు, జిల్లాలతో మొదలుపెట్టి 2011లో దేశమంతా పెట్టారు. మీ చెల్లెలు అంతకుముందు పుట్టిన పిల్ల అయి ఉంటుంది. మీ అమ్మగారికి పరీక్ష చేశారా? మీకు?

ఆశాలకి గంట క్లాసు గురించి. పాఠం చెప్పొద్దు, వాళ్ళచేత మాట్లాడించండి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరు రిపోర్టు ఇచ్చేవాళ్ళు, ఒకరు తీసుకునేవాళ్ళు. తర్వాత మార్చుకోవాలి. మీకూ నాకూ ఒక్క పూట ట్రైనింగ్‌తో పని అవదు, అడగడానికి ఒక మనిషి ఉండాలి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో సంజీవ్ అరోరా అనే మన డాక్టర్ 2003లో ఎకో అని ఒక పద్ధతి పెట్టారు. పల్లెల్లో ఉన్న డాక్టర్లు, నర్సులు వారానికోసారి వీడియోలో తమ పేషెంట్ల కేసులు చెప్తారు, పెద్దాసుపత్రివాళ్ళు వింటారు, కలిసి నిర్ణయిస్తారు. 2011లో ఫలితాలు చూస్తే పల్లె క్లినిక్‌లో హెపటైటిస్ సీ నయమైనవాళ్ళ శాతం యూనివర్సిటీ ఆసుపత్రితో సమానంగా ఉంది. పంజాబ్‌లో 2016 నుంచి జిల్లా ఆసుపత్రుల్లోనే సీకి ఉచితంగా మందులిస్తున్నారు. అక్కడి డాక్టర్లకీ ఇట్లాగే నేర్పారు. ఢిల్లీలో ఐఎల్‌బీఎస్ అనే లివర్ ఆసుపత్రి కూడా ఇదే పద్ధతిలో ఆన్‌లైన్ క్లాసులు నడుపుతుంది, మీ మెడికల్ ఆఫీసర్‌ని అడిగి చేరండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక లెక్కన మన దేశంలో దాదాపు మూడు కోట్ల మందికి బీ, 55 లక్షల మందికి సీ ఉన్నాయి. ఎక్కువమందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఇంతమందినీ పెద్దాసుపత్రుల్లో కూర్చుని మేము కనిపెట్టలేం సిస్టర్. మీ క్లినిక్‌లాంటి చోట్లే తేలాలి.


పాకాల సిస్టర్:

మూడు వారాలు ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసుకుంటా వచ్చాను.

పిల్లోడి రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, యాంటీబాడీలు బాగా ఉన్నాయి. చెల్లెలు కాన్పు తర్వాత ఒక్కసారి కూడా ఓపీకి పోలేదు, డాక్టర్ గారు అన్నట్టే. ఇప్పుడు తీసుకుపోయాం. మరిదికి నెగటివ్, మొదటి డోసు వేయించాను.

కిట్లను బీరువా మీద నుంచి తీసి టీకాల గదిలోకి మార్చాను. ల్యాబ్ సార్, గదిలో థర్మామీటర్ పెట్టి చూస్తే మధ్యాహ్నం మూడుకి 34 ఉంది. మెడికల్ ఆఫీసర్‌కి రాసి పంపాను.

ఆశా అక్కలతో క్లాసు పెట్టాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి చేయించాను. మొదటిసారి అందరూ గబగబా అన్నీ చెప్పేశారు, ఎవరూ ఆగలేదు. రెండోసారి సెలూన్ అన్న చెప్పినట్టు, మాట చెప్పి నీళ్ళిచ్చి ఊరికే కూర్చోమన్నాను. ఆ నిమిషం పాటు గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మా అందరిలో పెద్దామె, నలభై ఎనిమిదేళ్ళుంటాయి, అప్పుడు అడిగింది. "పన్నెండేళ్ళ నుంచి కాన్పులకి తోడుపోతా ఉన్నా, ఎన్నిసార్లు రక్తం చేతుల మీద పడింటుందో. నాకెవరూ ఈ పరీక్ష చెయ్యలేదే?" నలుగురిలో ఒక్కరికీ చెయ్యలేదు, ఒక్కరికీ టీకా పడలేదు. ఆ రోజే నలుగురికీ చేశాను. నలుగురికీ నెగటివ్. టీకా కోసం పేర్లు రాసి పంపాను. అడిగిన ప్రతిసారీ ఇంకా రాలేదంటున్నారు, నేను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను.

సెలూన్ అన్నా, మా ఊరి మంగలి తాతను, పక్క ఊళ్ళో చెవులు కుట్టే ఆచారి గారిని వచ్చే శనివారానికి పిలిచాను. వస్తామన్నారు.

డాక్టర్ గారూ, మీరు అడిగిన ప్రశ్న రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ముందు నాకు నేను చేసుకున్నాను, నెగటివ్. ఆదివారం కార్డు తీసుకుని ఇంటికి పోయాను. అమ్మకి యాభై ఆరేళ్ళు. చెనిక్కాయలు ఒలుస్తా కూర్చుంది. ఫోన్‌లో అలారం పెట్టి కార్డును గూట్లో పెట్టాను. అలారం మోగకముందే రెండో గీత కనబడింది, లేత గీత కాదు.

తలుపు దగ్గరికి వేశాను. పక్కన కూర్చుని, "అమ్మా, నీ రక్తంలో కూడా చెల్లెలికి ఉన్నదే ఉంది. ఇప్పుడు నీకు ఏ బాధా లేదు. డాక్టర్‌కి చూపిద్దాం, అవసరమైతే మందుంది, డబ్బులు కట్టే పని లేదు" అని చెప్పి ఆగాను. అమ్మ చేతిలో కాయ అట్లాగే ఉంది. చాలాసేపటికి, "అయితే దానికి నేనే ఇచ్చినానా?" అనింది.

దీనికి ముందే జవాబు తయారు చేసుకోలేదు. "నీకూ ఎవరి నుంచో వచ్చిందేనమ్మా. అప్పుడు మనూళ్ళో పరీక్ష లేదు, టీకా లేదు. ఇప్పుడు ఉన్నాయి కాబట్టే పిల్లోడికి రాలేదు" అన్నాను. అమ్మ తల ఊపి మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం తన పళ్ళెంలోనే నాకు అన్నం పెట్టింది, నేను అడగలేదు.

సోమవారం ఓపీకి తీసుకొస్తున్నాను. లివర్ స్కాన్ కూడా తీస్తారు కదా, పరగడుపున రావాలా?


మెడిసిన్ డాక్టర్, తిరుపతి:

పరగడుపున రండి, స్కాన్ బాగా కనబడుతుంది. అమ్మగారికి ఇడ్లీ కట్టుకుని రండి, రక్తం తీసి స్కాన్ అయ్యేసరికి పదకొండు దాటుతుంది. పాత రిపోర్టులు ఏమున్నా తీసుకురండి.